ఆంధ్రా కార్డు, బెంగళూరులో వైద్యం: బాబు బ్లడ్ క్యాన్సర్‌కు సర్కారు సాయం ఎలా అందుకోవాలి?

ప్రశ్న: హిందూపురంలో ఉండే మా తమ్ముడి కొడుక్కి తొమ్మిదేళ్లు. నెల రోజులైనా జ్వరం తగ్గకపోతే బెంగళూరు తీసుకొచ్చి చూపించాం. బ్లడ్ క్యాన్సర్, ఏఎల్ఎల్ అన్నారు. రెండు మూడు రోజుల్లో కీమో మొదలుపెట్టాలంటున్నారు. తమ్ముడిది ఆంధ్రా బియ్యం కార్డు, నాది కర్ణాటక బీపీఎల్ కార్డు. ఏది చెల్లుతుందో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఆసుపత్రివాళ్లు రీసెర్చ్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టమని ఫారాలు ఇచ్చారు. పిల్లాడి మీద ప్రయోగాలు చేస్తారేమోనని మా మరదలు హడలిపోతోంది. ఇంకో మాట. మా వీధిలో తెలుగువాళ్లం కలిసి బ్లడ్ క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టాలనుకుంటున్నాం. దానికి సర్కారు సాయం దొరుకుతుందా?
— ఒక మేనత్త, కె.ఆర్. పురం, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీకున్నది రెండు మూడు రోజులే కాబట్టి ముందు డబ్బు సంగతి చెబుతాం. ప్రభుత్వ ఆరోగ్య పథకాలన్నింటిదీ ఒకటే పద్ధతి: వైద్యానికి ముందు అనుమతి, తర్వాత ఆసుపత్రికి నేరుగా చెల్లింపు. ముందు మనం కట్టేసి, బిల్లులు పట్టుకెళ్లి తిరిగి ఇవ్వమంటే ఈ పథకాల్లో సాధారణంగా కుదరదు. చాలా కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే. కంగారులో బంగారం తాకట్టు పెట్టి మొదటి విడత కట్టేసి, తీరిగ్గా కార్డు తీస్తారు. అలాగని కాగితాల కోసం కీమోను వాయిదా వేయకండి. ఏఎల్ఎల్, అంటే తెల్లకణాల్లో వచ్చే ఒక రకం లుకేమియా (బ్లడ్ క్యాన్సర్), రోజుల్లో ముదిరే జబ్బు. రెండూ పక్కపక్కనే నడవాలి. మీ తమ్ముడు వార్డులో ఉంటే మీరు కౌంటర్ల దగ్గర ఉండండి.

మీ కర్ణాటక కార్డును ఈ లెక్కలోంచి తీసేయండి. బాబు మీ కార్డులో సభ్యుడు కాడు. ఇప్పుడు ఎక్కించాలని చూస్తే అసలు కార్డులో పేరు తెగిపోతుంది, రెండు చోట్లా చెల్లకుండా పోతుంది. కార్డు మార్పిస్తామని ఆసుపత్రి గేటు దగ్గర తిరిగే దళారుల మాట అసలు వినొద్దు.

చెల్లేది తమ్ముడి కార్డే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పేరుతో నడిచి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకాన్ని 2019 నవంబరు నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలోని ఎంపిక చేసిన ఆసుపత్రులకూ విస్తరించింది. అన్ని ఆసుపత్రులూ అందులో ఉండవు, ఉన్నవాటిలోనూ అన్ని విభాగాలూ ఉండవు. అందుకని అడగాల్సింది ‘ఈ ఆసుపత్రి ఉందా?’ అని కాదు, ‘ఈ ఆసుపత్రిలో పిల్లల క్యాన్సర్ కీమోకు ఉందా?’ అని. దానికి 104కు ఫోన్ చేయాలి. కర్ణాటకకూ 104 పేరుతోనే సొంత సహాయవాణి ఉంది, బెంగళూరు నుంచి నొక్కితే అక్కడికే కలుస్తుంది. కాబట్టి హిందూపురంలో ఉన్న మీవాళ్ల చేత చేయించండి. ఆసుపత్రిలోనైతే పథకం తరఫున రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర కౌంటరు ఎక్కడుందో అడిగి నేరుగా అక్కడికే వెళ్లండి. మామూలు బిల్లింగ్ కౌంటరులో అడిగితే తెలియదనే జవాబే ఎక్కువగా వస్తుంది. అత్యవసరమని డాక్టరు రాసిస్తే పూర్తి కాగితాలు వచ్చేలోపు ఫోను మీదే అనుమతి తీసుకునే వీలుందేమో మిత్రనే అడగండి.

రెండో దారి ఆయుష్మాన్ భారత్. 2018 సెప్టెంబరులో మొదలైన ఈ కేంద్ర పథకంలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. రాష్ట్రం దాటినా, పథకంలో చేరిన ఆసుపత్రి ఏదైనా చెల్లుతుంది. అయితే బియ్యం కార్డున్న ప్రతి కుటుంబం ఆయుష్మాన్ జాబితాలో ఉండదు. 14555కు ఫోన్ చేసి తమ్ముడి ఆధార్, రేషన్ కార్డు నంబర్లు చెబితే ఉందో లేదో చెబుతారు.

పని ఆగిపోయేది ఎక్కువగా బాబు ఆధార్ దగ్గర. పసితనంలో తీయించిన ఆధార్‌లో వేలిముద్రలుండవు. అయిదేళ్లు నిండాక వెళ్లి ఇవ్వాలి, చాలామంది ఇవ్వరు. అప్పుడు కౌంటరులో ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూడటం, దాటదు. తొమ్మిదేళ్ల బాబు కాబట్టి ఇది ఈరోజే చూసుకోండి. ఆధార్‌లో పేరు, బియ్యం కార్డులో పేరు ఒకేలా ఉన్నాయా, పుట్టిన తేదీ కలుస్తోందా, అసలు కార్డులో బాబు పేరు ఎక్కిందా అన్నవీ చూడండి. తేడా ఉంటే హిందూపురంలో వార్డు సచివాలయానికి ఒక మనిషిని ఇవాళే పంపండి.

అనుమతి వచ్చాక ఒక ప్రశ్న అడిగి జవాబు కాగితం మీద రాయించుకోండి: ప్యాకేజీలో ఏమేం వస్తాయి, ఏవి రావు? ఎముక మూలుగ పరీక్ష, క్యాన్సర్ కణాల రకం తేల్చే ఫ్లో సైటోమెట్రీ, క్రోమోజోముల పరీక్ష, క్యాన్సర్ కణాలు ఇంకా మిగిలాయేమో చూడటానికి నెల తర్వాత చేసే ఎంఆర్‌డీ పరీక్ష, ప్లేట్‌లెట్లు, ఫంగస్ మందులు, వీటిని విడివిడిగా పేరుపెట్టి అడగండి. ఏఎల్ఎల్ వైద్యం మొత్తం రెండు నుంచి రెండున్నరేళ్లు. పథకం పరిమితి ఏడాది లెక్కన ఉంటుంది కాబట్టి మొదటి ఆరేడు నెలల బరువైన కీమోలో ఎంత ఖర్చవుతుందో అంచనా ఇప్పుడే తీసుకుంటే, తక్కువపడే మొత్తానికి మిగతా నిధులకు ముందుగానే అర్జీ పెట్టుకోవచ్చు.

ఆ మిగతా నిధులు మూడు. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి దరఖాస్తుతో పాటు డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర ఉన్న ఖర్చు అంచనా, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, నివాస రుజువు, ఫొటోలు జతచేయాలి. హిందూపురం ఎంపీ ఆఫీసు లేఖ జతచేస్తే మేలు. మంజూరైన సొమ్ము ఆసుపత్రి ఖాతాకే వెళుతుంది, అప్పటికే ఖర్చుపెట్టినది ఇవ్వరు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా వెళ్లాలి. పథకంలోకి రాని ఖర్చులకు ఇది పనికొస్తుంది కాబట్టి బయట కొన్న ప్రతి మందుకూ, పరీక్షకూ అసలు బిల్లు బాబు పేరుతోనే తీసుకోండి. తండ్రి పేరుతో ఉన్న బిల్లు తిరిగొస్తుంది. ఇక మూడోది, తక్కువ మందికి తెలిసినది, రాష్ట్రీయ ఆరోగ్య నిధిలోని ఆరోగ్యమంత్రి క్యాన్సర్ రోగుల నిధి. 2009లో పెట్టారు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల ద్వారా అందుతుంది. బెంగళూరులో అలాంటి కేంద్రం కిద్వాయ్, చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. కొంత మేరకు ఆ సంస్థలోనే మంజూరు చేస్తారు, పెద్ద మొత్తమైతే ఢిల్లీకి పంపుతారు. ఆయుష్మాన్ కింద వచ్చే వైద్యానికి ఇది రాదు, రానివాటికి అడగొచ్చు. మీ ఆసుపత్రిలో పథకాలేవీ లేవని తేలితే మా సలహా సూటిగా చెబుతాం: పేరున్న ప్రైవేటు ఆసుపత్రిలో మొదలుపెట్టి, డబ్బయిపోయాక కిద్వాయ్‌కి మారడం కన్నా మొదటి కీమోకు ముందే మారడం మంచిది. నడిమధ్యలో మారితే తేదీలు తప్పుతాయి, ఏ మందు ఎంత పడిందో లెక్క చెడుతుంది. మార్చే రోజు, సమయం మాత్రం డాక్టర్లు మాట్లాడుకుని పెట్టాలి.

రైలుకు కూడా రాయితీ ఉంది. వైద్యానికో పరీక్షకో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్టు పూర్తి ఉచితం, సెకండ్ క్లాసులో 75 శాతం తగ్గింపు. వెంట వెళ్లే ఒక్కరికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం. రైల్వే నమూనాలో ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. హిందూపురం బెంగళూరు లైన్లోనే ఉంది కాబట్టి రెండేళ్లలో ఇది చిన్న మొత్తమేమీ కాదు.

రక్తం దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే దీన్ని ప్రేమతోనే తప్పు చేస్తారు. తండ్రీ, మేనమామా ముందుకొచ్చి ‘మా రక్తమే ఎక్కించండి’ అంటారు. దగ్గరి బంధువుల రక్తంలోని తెల్లకణాలను ఒక్కోసారి బిడ్డ శరీరం పరాయివని గుర్తించలేదు. అవి లోపలే పెరిగి బిడ్డ ఒంటి మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే దాదాపు ప్రాణాంతకం. రేడియేషన్ ఇచ్చిన రక్తమైతే ఆ భయం ఉండదు. రేపు మూలుగ మార్పిడి అవసరమైతే ఇప్పటి బంధువుల రక్తం అప్పుడు అడ్డం రావచ్చు కూడా. కాబట్టి మీ ఇంటివాళ్లు ఇచ్చేది బ్లడ్ బ్యాంకు నిల్వకు ఇవ్వండి, బాబుకు వేరేవాళ్లది ఎక్కించమనండి. ప్లేట్‌లెట్లు నిల్వ ఉండేది అయిదు రోజులే. ఒక్క దాత నుంచి మెషీన్ మీద తీసే ఎస్‌డీపీకి దాత బరువు 50 కిలోలకు తగ్గకూడదు, ముందటి మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. మీ వీధిలో అలాంటివాళ్లు ఎనిమిది పదిమంది పేర్లు, ఫోన్లు, గ్రూపులతో ఒక కాగితం తయారుచేసి పెట్టుకోండి. మీ తెలుగువాళ్లు ముందుగా చేయగలిగిన సాయం ఇదే.

ఇక మీ మరదలి భయం. ఆమె భయపడటంలో తప్పు లేదు. నాలుగైదు ఫారాలు ఒక్కసారిగా చేతిలో పెట్టి సంతకం చేయమంటే ఎవరికైనా గుండె జారుతుంది. వాటిని విడదీసి చూడమనండి. ఒకటి క్యాన్సర్ రిజిస్ట్రీకి, అంటే ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో రాసిపెట్టే జాబితాకు, వివరాలు. భారత వైద్య పరిశోధన మండలి 1981లో మొదలుపెట్టిన జాతీయ రిజిస్ట్రీలో తొలి నగరాలు ముంబై, చెన్నై, బెంగళూరు. ఇప్పుడు దాని లెక్కలన్నీ చూసే ఎన్‌సీడీఐఆర్ కూడా బెంగళూరులోనే ఉంది. బాబు పేరు బయటికి రాదు, ఒంటికి ఏమీ చేయరు. రెండోది, పరీక్షకు తీసిన రక్తంలో, మూలుగలో మిగిలినదాన్ని భద్రపరచడానికి అనుమతి. దీనికోసం ప్రత్యేకంగా ఇంకో సూది పొడవరు కదా అని అడిగి, ‘పొడవం’ అన్నాక సంతకం పెట్టొచ్చు. మూడోది అసలైన క్లినికల్ ట్రయల్, అంటే రోగులకు చికిత్స చేస్తూ ఏది మేలో పోల్చి చూసే పరిశోధన. కూర్చుని చదవాల్సింది దీన్నే.

పిల్లల ఏఎల్ఎల్ ట్రయల్స్‌లో సాధారణంగా మందు ఆపి చూడటం ఉండదు. ఇప్పుడున్న మంచి చికిత్స ఒకవైపు, దానిలోనే ఒక మార్పు, అంటే ఒక మందు మోతాదు తగ్గించడమో ఇచ్చే వ్యవధి మార్చడమో, ఇంకోవైపు ఉంటుంది. ఎవరు ఎటు అన్నది కంప్యూటరు తేలుస్తుంది. మన పిల్లలకు ఏ మోతాదు సరిపోతుందో ఇలాగే తెలుస్తూ వచ్చింది. 1970లలో ఈ జబ్బుకు మన దేశంలోని పెద్ద కేంద్రాల్లో కూడా ఫలితం చాలా తక్కువ. తర్వాత ముంబై టాటా మెమోరియల్, ఢిల్లీ ఎయిమ్స్, అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మూడూ ఎంసీపీ 841 అనే ఒకే చికిత్స పద్ధతిని పాటించి, ప్రతి బిడ్డ లెక్కా రాసి పెట్టాయి. జబ్బు తిరగబెట్టకుండా నాలుగేళ్లు దాటినవాళ్లు అంతకుముందు 20 శాతం లోపు. ఆ పద్ధతితో, ఇన్‌ఫెక్షన్ల జాగ్రత్తలు మెరుగుపడటంతో 45 నుంచి 60 శాతమయ్యారు. ఇవాళ మీ బాబుకు వేసే మందుల వరసకు వెనకున్నది అలాంటి పిల్లల తల్లిదండ్రులు పెట్టిన సంతకాలే. పరిశోధనకు ప్రభుత్వం డబ్బు పెట్టాలని మనం గట్టిగా అడగాలి, అలాగే అర్థం చేసుకుని మన వంతు చేయాలి.

అర్థం చేసుకోవడం ముఖ్యం. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ నంబరు అడగండి. 2009 జూన్ నుంచి దేశంలో ప్రతి ట్రయల్ ఆ ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే. నంబరు కొడితే వెబ్‌సైట్‌లో ఎవరు డబ్బు పెడుతున్నారో, ఏం పోలుస్తున్నారో కనిపిస్తుంది. రోగుల హక్కులను కాచే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఫారంలోనే ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలనీ, పరిహారం ఇవ్వాలనీ 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. వద్దనే హక్కు, మధ్యలో తప్పుకునే హక్కు మీకున్నాయి. కాదన్నందుకు మామూలు వైద్యంలో లోటు చేయకూడదు. కన్నడ, ఇంగ్లీషు ఫారాలే ఇస్తే తెలుగుది కావాలని అడగండి. చదవలేని భాషలో సంతకం పెట్టించుకోవడం సమ్మతి కాదు. ఇంకొకటి, వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, తల్లిదండ్రుల ముందు నోటిమాటగా ఒప్పుకోలు తీసుకోవాలి. మీ బాబుకు తొమ్మిదేళ్లు. వాడిని కూడా అడగాలన్నమాట.

బంధువుల్లో ఎవరో ఒకరు కార్-టీ చికిత్స గురించి తప్పకుండా చెబుతారు. రోగి సొంత తెల్లకణాలనే తీసి, క్యాన్సర్ మీద దాడి చేసేలా మార్చి తిరిగి ఎక్కించే చికిత్స అది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి ప్రభుత్వ నిధుల తోడ్పాటుతో తయారుచేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. మన పరిశోధన సాధించిన గొప్ప విజయమది. కానీ అది మామూలు చికిత్సకు లొంగని, తిరగబెట్టిన కొన్ని రకాల జబ్బులకు, అదీ పదిహేనేళ్లు దాటినవాళ్లకు. కొత్తగా తేలిన మీ బాబుకు ఇప్పుడు దాని అవసరం లేదు. దానికోసం కీమో ఆపుకుని తిరగొద్దు.

ఆరేడు నెలలు గడిచాక బాబు ఇంటికి చేరి మాత్రల దశలో పడతాడు. జబ్బు పోయిందనుకుని మానేసేవాళ్లు ఎక్కువ ఉండేది ఇక్కడే, మానేస్తే తిరగబెడుతుంది. ఈ దశలో మెర్కాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్కరోజే. మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేస్తే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అది 2.5 మిల్లీగ్రాముల్లోనూ వస్తుంది, అంతకన్నా ఎక్కువ మోతాదుల్లోనూ వస్తుంది. షాపు మారినప్పుడల్లా అట్ట మీద అంకె చూడాలి. డాక్టరు చెప్పిన రోజు పేరు, ఉదాహరణకు ‘గురువారం మాత్రమే’ అని, అట్ట మీద పెన్నుతో పెద్దగా రాసి, వేరే డబ్బాలో పెట్టమనండి. మామూలు మోతాదుకే కణాలు మరీ పడిపోతుంటే ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష గురించి డాక్టరును అడగండి. మన ఆసియావాళ్లలో కొందరికి ఆ తేడా వల్ల మెర్కాప్టోప్యూరిన్ తక్కువ మోతాదే సరిపోతుంది.

జ్వరం 100.4 దాటితే క్రోసిన్ వేసి తెల్లారేదాకా చూద్దామనకూడదు. నరంలోకి యాంటీబయోటిక్ గంటలోపు పడాలి. హిందూపురం నుంచి బెంగళూరు వచ్చేలోపు ఆలస్యమైపోతుంది. అందుకని ఇప్పటి డాక్టరు చేత ఒక లేఖ రాయించండి: ఈ బాబుకు ఏఎల్ఎల్, జ్వరమొస్తే ఈ పరీక్ష చేసి ఈ యాంటీబయోటిక్ ఈ మోతాదులో వెంటనే ఇవ్వండి, తర్వాత ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. దాన్ని హిందూపురంలో మీరు వెళ్లబోయే ఆసుపత్రిలో ముందే చూపించి ఉంచాలి. జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మీ దగ్గర్లో తెరిచారేమో అప్పటికి కనుక్కోండి, వారం వారం రక్తపరీక్ష అక్కడే చేయించుకోవచ్చు.

మీ క్యాంపు ఆలోచన మంచిదే కానీ పరీక్షల క్యాంపు పెట్టొద్దు. ప్రభుత్వ కార్యక్రమంలో ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ముందస్తు పరీక్ష చేసేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు. బ్లడ్ క్యాన్సర్ లేదు. ఏ లక్షణమూ లేనివాళ్లకు చేసి ముందే పట్టుకునే పరీక్ష దీనికి లేదు కాబట్టే లేదు. ఆరోగ్యంగా ఉన్న రెండొందల మందికి రక్తపరీక్ష చేస్తే అటూ ఇటూ ఉన్న అంకెలతో పాతికమంది నిద్ర చెడగొట్టడం తప్ప ఒరిగేది ఉండదు.

దాని బదులు తల్లులకు, స్కూలు టీచర్లకు, మందుల షాపులవాళ్లకు, వీధి చివరి ఆర్‌ఎంపీలకు లక్షణాలు చెప్పించండి. రెండు వారాలైనా తగ్గని జ్వరం, పిల్లాడు తెల్లగా పాలిపోవడం, దెబ్బ తగలకుండానే నీలి మచ్చలు, ఒంటి మీద సూదిమొనంత ఎర్ర చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం, ఎముకల నొప్పితో నడవనని మొండికేయడం, నొప్పి లేని మెడ గడ్డలు. పెద్దవాళ్లలో అయితే తగ్గని నడుంనొప్పితో పాటు రక్తహీనత. వీటిలో ఏది కనిపించినా చేయించాల్సింది రక్తకణాల లెక్క చూసే సీబీసీ, దాంతోపాటు రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద చూసే స్మియర్. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో నమ్మ క్లినిక్‌లోనో ముందు అడగండి.

రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్పించాలి. వానాకాలంలో బెంగళూరులో ప్లేట్‌లెట్లు తగ్గితే అందరూ డెంగీ అనుకుంటారు. డెంగీలో వారం పదిరోజుల్లో అవి మళ్లీ పెరుగుతాయి. పెరగకపోయినా, హిమోగ్లోబిన్ కూడా పడిపోతున్నా మళ్లీ సీబీసీ, స్మియర్ చేయించాలి. రెండోది, కారణం తేలని జ్వరానికీ కీళ్లనొప్పులకూ స్టెరాయిడ్ ఇవ్వడం. డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లుకేమియా మందులు కూడా. అరకొరగా పడితే జ్వరం తగ్గినట్టుంటుంది, మూలుగ పరీక్షలో జబ్బు సరిగ్గా కనిపించదు, ఆ తర్వాత మొండికేస్తుంది. షాపులవాళ్లనూ ఆర్‌ఎంపీలనూ పిలవమన్నది ఇందుకే. మీ బాబుకు ఈ నెల రోజుల్లో అలాంటి ఇంజెక్షన్ ఏదైనా వేశారేమో గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి, ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పండి చాలు.

డాక్టరు కోసం కిద్వాయ్‌కి సంఘం పేరు మీద లేఖ రాయండి, తెలుగు వచ్చినవాళ్లను పంపమనండి. హాలు, మైకు మీరు చూసుకుంటే పెద్ద ఖర్చుండదు. అదే రోజు మూలకణ దాతల, అంటే మూలుగ మార్పిడికి కణాలు ఇవ్వడానికి ఒప్పుకునేవాళ్ల, నమోదు పెట్టవచ్చు. చెన్నైలో దాత్రి, బెంగళూరులో డీకేఎంఎస్ ఫౌండేషన్ ఇండియా ఇందుకోసం పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలు. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది తీసుకుంటారు, అంతే. తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే కాబట్టి మనవాళ్ల పేర్లు ఎక్కువ చేరితే మన రోగులకే దారి దొరుకుతుంది. కానీ మొహమాటానికి ఎవరి చేతా నమోదు చేయించొద్దు. ఇంటివాళ్లతో మాట్లాడుకుని రమ్మనండి. మార్పిడికి ముందు రోగి మూలుగను మందులతో పూర్తిగా ఖాళీ చేస్తారు. ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే ఆ రోగిని కాపాడటం చాలా కష్టం.